పాత కారు: రిపేరు బిల్లును దేనితో పోల్చాలి?

అందరికీ నమస్కారం.

మెకానిక్ ఎస్టిమేటు రాసిచ్చాడు. ఆ కాగితం చేతిలో పట్టుకుని "ఇంత పెట్టి బాగుచేయించాలా, వదిలించుకుని ఇంకోటి కొనుక్కోవాలా" అని ఆలోచిస్తున్నారు. కారు పాతబడిన ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక రోజు ఈ ప్రశ్న వస్తుంది. ఆ కాగితం మీదున్న అంకెను దేనితో పోల్చాలన్నదే ఇవాళ్టి మాట. చాలామంది దాన్ని కారు అమ్మితే వచ్చే ధరతో పోలుస్తారు. "కారు ధరలో సగం దాటితే వదిలేయాలి" అనే సూత్రం మీరూ వినే ఉంటారు. గుర్తుంచుకోవడానికి తేలిక. కానీ ఆ కొలత తప్పు. ఎందుకు తప్పో లెక్క కట్టి చూద్దాం.

రూపాయలూ డాలర్లూ అక్కర్లేదు, వట్టి అంకెలు తీసుకుందాం. మీ కారు నడిచే స్థితిలో ఉంటే అమ్మకానికి 100 పలుకుతుంది. ఇప్పుడు పాడైంది కాబట్టి ఉన్నదున్నట్టు అమ్మితే 50 వస్తుంది. రిపేరుకు 60 అవుతుందన్నారు. సగం దాటింది, సూత్రం ప్రకారం వదిలేయాలి. సరే, బాగుచేయించి రెండేళ్లు నడిపితే ఏమవుతుంది? ఇప్పుడు రావలసిన 50 వదులుకున్నారు. రిపేరుకు 60 పెట్టారు. ఆ రెండేళ్లలో ఇంకా చిన్నాపెద్దా రిపేర్లకు 50 అయిందనుకుందాం. చివర్లో అమ్మితే 60 వచ్చింది. మొత్తం మీద మీ జేబులోంచి పోయింది 100. 24 నెలలకు పంచితే నెలకు నాలుగు చిల్లర.

ఇక రెండో దారి. నాలుగైదేళ్లు వాడిన కారు ఒకటి 500 పెట్టి కొన్నారు. రెండేళ్లలో దాని ధర 150 తగ్గుతుంది. కొన్న వెంటనే ఆయిల్, బెల్టులు, టైర్ల కింద ఒక 30. అప్పు తీసుకుంటే వడ్డీ 70. బీమా ప్రీమియం పెరిగింది ఇంకో 20. మొత్తం 270, నెలకు పదకొండు పైచిలుకు. ఈ లెక్కలో పాత కారు రిపేరు 60 బదులు 230 అయితే తప్ప రెండు దారులూ సమానం కావు. అంటే కారు ధరకు రెండింతలకు పైగా బిల్లు వచ్చినా రిపేరే చవక కావచ్చు. కొత్త కారైతే తేడా ఇంకా పెద్దది. మొదటి ఏడాదిలో పోయినంత విలువ ఆ తర్వాత ఏ ఏడాదిలోనూ పోదు.

కానీ ఇదే లెక్కను ఇంకో వైపు నుంచి చూడండి. అంతా పెట్టి బాగుచేయించారు, ఆరు నెలలకు కారు పూర్తిగా మూలన పడింది. పోయింది అదే 100 అనుకున్నా, పంచడానికి ఆరు నెలలే ఉన్నాయి. నెలకు దాదాపు 17. అప్పుడు కొనుక్కోవడమే చవక. కాబట్టి తేల్చవలసింది కారు ధర సంగతి కాదు. ఈ రిపేరు తర్వాత ఆ కారు ఇంకా ఎన్ని నెలలు నమ్మకంగా నడుస్తుంది? ఇక్కడి నుంచి నేను చెప్పేదంతా ఆ ఒక్క అంకెను పట్టుకోవడం గురించే.

అంతకంటే ముందు ఎస్టిమేటును రెండుగా చీల్చండి. టైర్లు, బ్యాటరీ, బ్రేక్ ప్యాడ్లు, డిస్కులు, వైపర్లు, క్లచ్ ప్లేటు, షాకబ్జార్లు అరిగిపోయే వస్తువులు. ఏ కారు కొన్నా వీటిని మార్చాల్సిందే. ఇవన్నీ ఒకే నెలలో కలిసొస్తే బిల్లు తడిసి మోపెడై కారు పని అయిపోయిందనిపిస్తుంది. నిజానికి అది కారు చెప్పే చెడు కబురు కాదు, వాయిదా వేసిన ఖర్చులు ఒక్కసారిగా గుమ్మంలోకొచ్చాయి, అంతే. వాటిని పక్కన పెట్టి, మిగిలిన వాటిని చూడండి.

మిగిలిన వాటిలో మొట్టమొదట చూడవలసింది ఇంజన్ అని అందరూ అనుకుంటారు. నేను బాడీ అంటాను. ఇంజన్ మార్చొచ్చు, గేర్‌బాక్స్ మార్చొచ్చు. తుప్పు తిన్న బాడీని మార్చడమంటే కారును మార్చడమే. ఈ కాలపు కార్లలో చాలా వాటికి విడిగా ఛాసిస్ (కారు బరువు మోసే చట్రం) ఉండదు, బాడీయే ఛాసిస్. కాబట్టి తుప్పు ఎక్కడుందన్నదే కీలకం. డోరు అంచున, ఫెండరు మీద, డిక్కీ మూత మీద తుప్పు ఉంటే అది చూపుకు బాగుండదు, అంతే. తలుపుల కింద బారుగా ఉండే సిల్స్, ముందు నుంచి వెనక్కి పోయే పెట్టె ఆకారపు ఇనుప దూలాలు (వీటిని రైళ్లంటారు), షాకబ్జార్ పైకొస బిగించే టవర్లు, వెనక యాక్సిల్ పట్టుకునే చోట్లు, సబ్‌ఫ్రేమ్, సీటు బెల్టు బోల్టులు పడే చోట్లు, వీటిలో ఉంటే కథ వేరు. ప్రమాదం జరిగితే గుద్దుడును భరించవలసినవి ఇవే.

చూసే పద్ధతి చెబుతాను. కారును లిఫ్ట్ మీదికి ఎక్కించాలి. జాకీ మీద నిలిపిన కారు కిందికి ఎవరూ దూరవద్దు, స్టాండ్లు తప్పనిసరి. స్క్రూడ్రైవర్ పిడితో సిల్స్ పొడవునా, రైళ్ల పొడవునా తట్టుకుంటూ పోండి. గట్టి ఇనుము ఖణేల్‌మంటుంది. తుప్పు తిన్నది మొద్దుగా, అట్ట మీద కొట్టినట్టు పలుకుతుంది. అలాంటి చోట స్క్రూడ్రైవర్ మొనతో నొక్కితే లోపలికి దిగిపోతుందా చూడండి. జాకీ పెట్టే చోట రేకు లోపలికి ముడుచుకుపోయి ఉంటే అనుమానించండి. ఈ పెట్టె భాగాలు లోపలి నుంచి కుళ్లుతాయి. కింద నీళ్లు పోయే రంధ్రాలు మట్టితో మూసుకుపోతే తేమ లోపలే నిలుస్తుంది, బయట పొక్కు కనబడే సరికి లోపల సగం రేకు పోయి ఉంటుంది. కొత్తగా నల్లటి అండర్‌కోటింగ్ దట్టంగా పూసి ఉంటే దాని కింద ఏముందో తట్టి చూడకుండా నమ్మకండి. రంగు మీద అయస్కాంతం పెట్టి చూస్తే పుట్టీ ఎక్కడ ఎంత దట్టంగా ఉందో తెలిసిపోతుంది, అయితే అల్యూమినియం, ప్లాస్టిక్ ప్యానెళ్ల మీద ఈ పరీక్ష పనికిరాదు.

సిల్‌లో ఒకచోట కన్నం పడితే కుళ్లిన రేకు కోసేసి కొత్తది వెల్డింగ్ చేస్తారు, సరిగా చేస్తే ఏళ్ల తరబడి నిలుస్తుంది. పైన అతుకేసి పుట్టీ పెట్టడం మాత్రం పని కాదు, మోసం. సస్పెన్షన్ బిగించే చోట, రైళ్లలో, రెండు మూడు చోట్ల ఒకేసారి తుప్పు కనిపిస్తే ఇంజన్ ఎంత బాగున్నా సరే, ఆ కారు మీద కొత్తగా డబ్బు పెట్టవద్దు. ఇంకొకటి, కింద బ్రేక్ పైపులు చూడండి. ఇనుప పైపు పైపైన గోధుమ రంగు వేస్తే ఫరవాలేదు. పొలుసులు ఊడుతూ, గుంటలు పడి ఉంటే గట్టిగా బ్రేకు తొక్కిన రోజే పగులుతుంది. పైపులు కొత్తవి వేయించడం పెద్ద ఖర్చు కాదు. కానీ ఆ పని అయ్యేదాకా కారు నడపకూడదు.

బాడీ నిలిచిందా, అప్పుడు ఇంజన్. "పొగ వస్తోంది, ఇంజన్ బోరుకొచ్చింది" అని ఎవరైనా అనగానే ఓవర్‌హాల్‌కు ఒప్పుకోకండి. కొలవకుండా ఇంజన్ విప్పించవద్దు. సిలిండర్‌లో గాలి ఎంత ఒత్తిడికి నొక్కుకుంటోందో చూసేది కంప్రెషన్ టెస్టు, పెట్రోలు ఇంజన్‌కు అది ఇలా చేయాలి. ఇంజన్ వేడెక్కి ఉండాలి, బ్యాటరీ నిండా ఛార్జి ఉండాలి. స్పార్క్ ప్లగ్గులన్నీ తీసేయాలి, ఒక్కటి కాదు. ఇంధన సరఫరా, ఇగ్నిషన్ కనెక్షన్లు ఆపాలి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని ప్రతి సిలిండర్‌కూ గేజి బిగించి, అయిదారు కంప్రెషన్ స్ట్రోకులు వచ్చేదాకా సెల్ఫ్ కొట్టాలి. మొదటి స్ట్రోకు దగ్గర సూది ఎక్కడికి లేచిందో, చివర్లో ఎక్కడ ఆగిందో రెండూ రాసుకోవాలి. ఆరోగ్యంగా ఉన్న చాలా పెట్రోలు ఇంజన్లు 150 నుంచి 190 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) మధ్య చూపిస్తాయి, మీ ఇంజన్‌కు ఎంత ఉండాలో సర్వీస్ మాన్యువల్ చెబుతుంది. అసలు అంకె కంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. అది 10 నుంచి 15 శాతం దాటకూడదు.

ఒక సిలిండర్ తక్కువ చూపిస్తే, అందులో ఒక చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. అంకె బాగా లేచిందంటే కారుతున్నది పిస్టన్ చుట్టూ ఉండే రింగుల దగ్గర, ఆయిల్ తాత్కాలికంగా ఆ సందు మూసింది. లేవలేదంటే వాల్వులు గానీ, ఇంజన్ పై భాగమైన హెడ్ కింద ఉండే హెడ్ గ్యాస్కెట్ గానీ. పక్కపక్కనున్న రెండు సిలిండర్లూ ఒకేలా పడిపోతే గ్యాస్కెట్ ఆ రెండింటి మధ్యన తెగిందనుకోవచ్చు. ఇంకా స్పష్టంగా కావాలంటే లీక్‌డౌన్ టెస్టు ఉంది. పిస్టన్‌ను పైకొసకు తెచ్చి సిలిండర్‌లోకి గాలి ఎక్కిస్తారు. గాలి ఎక్కడి నుంచి బుస్సుమంటుందో చెవిపెట్టి వింటే చాలు. ఆయిల్ పోసే మూత దగ్గరైతే రింగులు, సైలెన్సర్ గొట్టంలో అయితే ఎగ్జాస్ట్ వాల్వు, ఇన్‌టేక్ వైపు అయితే ఇన్‌టేక్ వాల్వు, రేడియేటర్‌లో బుడగలు వస్తే గ్యాస్కెట్ లేదా పగిలిన హెడ్.

ఎందుకింత వివరంగా చెబుతున్నానంటే, వాల్వుల పని వేరు, రింగుల పని వేరు, ఖర్చులో పోలికే లేదు. పైగా హెడ్ ఒక్కటే బాగుచేసి, అరిగిన రింగులు అలాగే వదిలేస్తే పైన కంప్రెషన్ పెరిగి కింద ఆయిల్ తాగడం ఎక్కువవచ్చు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు.

ఆయిల్ తాగడాన్ని కూడా కొలవాలి. సమతలం మీద నిలిపి డిప్‌స్టిక్ చూసి, పై గుర్తు దాకా పోసి, 1,000 కిలోమీటర్లు నడిపి, మళ్లీ అదే చోట నిలిపి చూడండి. 3,000 కిలోమీటర్లకు ఒక లీటరు పడుతుంటే పోసుకుంటూ నడుపుకోవచ్చు. దాని కోసం ఇంజన్ విప్పించడం డబ్బు దండగ. 1,000 కిలోమీటర్లకే లీటరు దాటుతుంటే ఉపేక్షించకూడదు, ఆ కాలిన ఆయిల్ పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌నూ ఆక్సిజన్ సెన్సార్లనూ పాడుచేస్తుంది. యాక్సిలరేటర్ వదిలి దిగువకు వచ్చి, మళ్లీ తొక్కగానే ఒక్కసారి నీలం పొగ భగ్గుమంటే ఎక్కువగా వాల్వ్ సీళ్లు. ఇంజన్ లాగుతున్నంతసేపూ వస్తుంటే రింగులు. ముందుగా ఇంజన్ లోపలి ఆవిరిని ఇన్‌టేక్‌లోకి పంపే పీసీవీ వాల్వు మూసుకుపోయిందేమో చూడాలి, అది చిన్న భాగం, చాలాసార్లు నేరస్థురాలు అదే.

వేడెక్కిన ఇంజన్ విషయంలో మాత్రం జాగ్రత్త. ముల్లు ఎర్ర గీత దాటాక రెండు కిలోమీటర్లు నడిపినా అల్యూమినియం హెడ్ వంగిపోవచ్చు. ఆయిల్ మూత కింద తెల్లటి మీగడ కనబడితే గ్యాస్కెట్ పోయిందని వెంటనే అనుకోకండి, దగ్గరి దూరాలే తిరిగే కారులో తేమ వల్ల కూడా అలా వస్తుంది. డిప్‌స్టిక్ మీద కూడా పాలు కలిసినట్టుంటే, కూలెంట్ తగ్గుతూ ఎక్కడా కారకపోతే, అప్పుడు అనుమానం బలమైనది. రేడియేటర్ మూత దగ్గర నీలం ద్రావకం పెట్టి చూసే పరీక్ష ఉంది, పెట్రోలు ఇంజన్‌లో కాలిన వాయువు కూలెంట్‌లో కలుస్తుంటే అది పసుపు పచ్చగా మారుతుంది. గ్యాస్కెట్ మార్చేటప్పుడు హెడ్‌ను లేతు షాపుకు పంపి తిన్నగా ఉందో లేదో కొలిపించాలి. అనుమతించే వంపు చాలా ఇంజన్లలో 0.05 నుంచి 0.1 మిల్లీమీటరే. కొలవకుండా కొత్త గ్యాస్కెట్ వేస్తే కొద్ది నెలల్లో మళ్లీ అదే చోటికి వస్తారు. హెడ్ బోల్టులు సాగే రకమైతే అవీ కొత్తవే వేయాలి.

పిస్టన్లూ వాల్వులూ లయ తప్పకుండా కదిలేలా చేసే టైమింగ్ బెల్టు గురించి ఒక్క మాట. అది తెగితే చాలా ఇంజన్లలో పిస్టన్ వెళ్లి వాల్వులను కొడుతుంది, వాల్వులు వంగుతాయి. తయారీదారు కిలోమీటర్లతో పాటు ఏళ్లు కూడా చెబుతాడు. తక్కువ తిరిగిన కారైనా ఏళ్లు దాటితే మార్చాల్సిందే. బెల్టుతో పాటు దాన్ని బిగువుగా, దారిలో ఉంచే టెన్షనర్, ఐడ్లర్, ఆ బెల్టే తిప్పుతున్నట్టయితే వాటర్ పంపు కూడా. ఖర్చంతా విప్పడం, బిగించడంలోనే ఉంది, రెండోసారి అది ఎందుకు కట్టాలి? పాత కారు ఉంచుకోవాలని నిర్ణయించుకుంటే, చివరిసారి ఎప్పుడు మార్చారో కాగితం దొరకకపోతే, ముందు చేయించవలసిన పని ఇదే.

గేర్‌బాక్స్ దగ్గర త్వరగా పోదాం. మాన్యువల్ అయితే క్లచ్ జారుతోందో లేదో చూడటం తేలిక. మధ్యస్థ వేగంలో టాప్ గేర్‌లో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి. ఆర్‌పీఎం (ఇంజన్ తిరిగే వేగం) లేచి కారు వేగం పెరగకపోతే క్లచ్ పోయింది, అది అరిగే వస్తువే. మూడో గేర్ వేస్తుంటే కరకరమంటే గేర్లు సాఫీగా పడేలా చేసే సింక్రో రింగులు అరిగాయన్నమాట. ఆటోమేటిక్‌లో ఫ్లూయిడ్ చుక్క తెల్లకాగితం మీద వేసి చూడండి. నల్లబడి మాడు వాసన వస్తుంటే, గేర్ మారేటప్పుడు ఆర్‌పీఎం ఒక్కసారి లేచి దిగుతుంటే లోపల క్లచ్‌లు కాలుతున్నాయి. అడుగు ట్రే విప్పితే అయస్కాంతానికి బూడిదరంగు మెత్తటి గుజ్జు అంటుకుని ఉండటం సహజం. మెరిసే పొళ్లు, ముక్కలు ఉంటే అది గేర్‌బాక్స్ చివరి దశ. పాత కారు లెక్కను తలకిందులు చేసేది ఎక్కువగా ఆటోమేటిక్ గేర్‌బాక్సే. ఓవర్‌హాల్‌కు రాతపూర్వకమైన గ్యారంటీ ఇవ్వని చోట ఆ పని చేయించవద్దు.

ఎలక్ట్రికల్ లోపాల్లో డబ్బు వృథా అయ్యే తీరు వేరు. స్కానర్ పెట్టగానే ఒక కోడ్ వస్తుంది, ఆ కోడ్‌లో పేరున్న భాగం మార్చేస్తారు. పి0420 వస్తే క్యాటలిటిక్ కన్వర్టర్ మార్చాలంటారు. ఆ కోడ్ చెప్పేది కన్వర్టర్ పనితీరు తక్కువగా కనిపిస్తోందని మాత్రమే. ఎగ్జాస్ట్‌లో చిన్న లీకు ఉన్నా, వెనక సెన్సార్ పాడైనా అదే కోడ్ రావచ్చు. నిజంగానే కన్వర్టర్ పోయినా, అది ఎందుకు పోయిందో తేల్చకుండా కొత్తది పెడితే, మిస్‌ఫైర్ అవుతున్న (ఇంధనం సరిగా మండని) సిలిండరో ఆయిల్ తాగుతున్న ఇంజనో దాన్నీ తినేస్తుంది. కోడ్ ఎక్కడ వెతకాలో చెబుతుంది, ఏది మార్చాలో చెప్పదు.

రాత్రి నిలిపితే పొద్దునకు బ్యాటరీ డౌన్ అయ్యే కార్లను కూడా కొలిచే చూడాలి. ఇంజన్ ఆపి కొన్ని గంటలయ్యాక 12.6 వోల్టుల చుట్టూ ఉండాలి, నడుస్తుంటే 13.8 నుంచి 14.5 దాకా. అన్నీ ఆపి కంప్యూటర్లు నిద్రపోయాక లాగే కరెంటు 50 మిల్లీయాంపులు దాటితే ఒక్కొక్క ఫ్యూజు సర్క్యూట్ చూసుకుంటూ దొంగను పట్టుకోవాలి. ఇది ఓపిక పని, పెద్ద బిల్లు కాదు. వరద నీట మునిగిన కారు మాత్రం వేరే సంగతి. కనెక్టర్ల లోపల పచ్చటి చిలుము పట్టడం మొదలైతే ఇవాళ ఒక లైటు, రేపు ఇంకో సెన్సార్, ఎల్లుండి ఏబీఎస్. దానికి ఎన్ని నెలలని ఎవరూ చెప్పలేరు. చెప్పలేనప్పుడు మన లెక్క కూడా నిలవదు, కాబట్టి వదిలేయడమే మంచిది.

డబ్బుతో సంబంధం లేని ఒక కారణానికి మాత్రం లెక్క బాగున్నా కారు మార్చమంటాను. జారుతున్న కారును అదుపులో పెట్టే స్టెబిలిటీ కంట్రోల్ అమెరికాలో 2012 మోడల్ కార్ల నుంచి, ఐరోపా యూనియన్‌లో 2014 నవంబరు నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి అయింది. అది లేని కారులో, పక్క కిటికీల వెంట విచ్చుకునే కర్టెన్ ఎయిర్‌బ్యాగులు లేని కారులో రోజూ హైవే మీద పిల్లలతో ప్రయాణం చేసేవాళ్లు నెలకు ఎంత మిగులుతోందని చూడకూడదు. పాత కారుకు రీకాల్ (లోపం సరిచేయడానికి తయారీదారు వెనక్కి పిలవడం) ఏదైనా పెండింగ్‌లో ఉందేమో ఛాసిస్ నంబరుతో తప్పకుండా చూసుకోండి. తకాటా అనే కంపెనీ ఎయిర్‌బ్యాగుల రీకాల్ కోట్లాది కార్లకు వర్తించింది, బ్యాగును ఉబ్బించే ఆ ఇన్‌ఫ్లేటర్లు వేడికీ తేమకూ ఏళ్లు గడిచేకొద్దీ చెడి, పేలినప్పుడు ఇనుప ముక్కలు చిమ్మాయి. ఆ మరమ్మతు ఉచితం.

ఇదంతా చూశాక చేతిలో ఒక కాగితం ఉండాలి. స్వతంత్రంగా పనిచేసే మెకానిక్‌కు తనిఖీ ఫీజు ఇచ్చి, రిపేరు పని ఆయనకే ఇస్తామని ముందే చెప్పకుండా, మొత్తం చూపించండి. ప్రాణానికి సంబంధించినవి, ఆరు నెలల్లో వచ్చేవి, వదిలేయగలిగినవి అని వేరు చేయించండి. ఆ తర్వాత 12 నెలల ఖర్చు కట్టి, ఇందాకటి లెక్కలో వేయండి. నెల లెక్క దగ్గర దగ్గరగా వస్తే, విడిభాగాలు దొరుకుతున్నాయా లేదా అన్నది తేల్చేస్తుంది. ఒక సెన్సార్ కోసం మూడు వారాలు కారు నిలిచిపోతే ఆ మూడు వారాలూ ఖర్చే.

నిర్ణయం ముందే రాసుకోండి. "వచ్చే ఏడాదిలో ఇంత దాటితే ఆపేస్తాను" అని. లేకపోతే "ఇప్పటికే ఇంత పెట్టాం కదా" అనే మాట పైన ఇంకో రిపేరు, దాని పైన ఇంకోటి. పోయిన డబ్బు ఉంచుకున్నా రాదు, అమ్మినా రాదు. దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

శ్రోత: పాత కారు మైలేజీ తక్కువ కదా, ఇంధనంలోనే కొత్త కారు ఖర్చు వచ్చేయదా?

మీరు ఎంత తిరుగుతారన్న దాన్ని బట్టి ఉంటుంది. పాతది లీటరుకు 15 కిలోమీటర్లు, కొత్తది 20 ఇస్తుందనుకుందాం. ఏడాదికి 10,000 కిలోమీటర్లు తిరిగితే మొదటిదానికి 667 లీటర్లు, రెండోదానికి 500. మిగిలేది 167 లీటర్లు. దాన్ని మీ ఊరి ధరతో గుణించి, కొత్త కారు నెల ఖర్చు పక్కన పెట్టి చూడండి, చాలామందికి సరిపోదు. 40,000 తిరిగేవాళ్లకు అది నాలుగింతలు, అప్పుడు గంభీరంగా ఆలోచించాలి. కానీ ముందు చూసుకోవలసింది పాత కారు మైలేజీ ఎందుకు పడిందన్నది. చక్రాల్లో గాలి తక్కువ కావడం, బ్రేక్ క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కు మీదికి నొక్కే భాగం) పట్టేయడం, థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోయి ఇంజన్ వేడెక్కకపోవడం, ముసలి ఆక్సిజన్ సెన్సార్, వీటిలో ఏదైనా కావచ్చు. కాసేపు నడిపి దిగి, చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడండి, ముట్టుకోకుండా. మిగతా మూడింటి కంటే ఒకటి బాగా వేడిగా ఉంటే క్యాలిపర్ దొరికినట్టే.

శ్రోత: సెకండ్‌హ్యాండ్ ఇంజన్ వేయించడం మంచిదేనా?

బాడీ గట్టిగా ఉంటే మంచిదే, కొన్నిసార్లు ఓవర్‌హాల్ కంటే చవక కూడా. కానీ వేయించే ముందు దాని మీద కూడా కంప్రెషన్ చూడాలి. ఇంజన్ కారులోంచి దింపక ముందే నడిపి చూపించగలిగితే ఇంకా మేలు. ఇంజన్ నంబరు కాగితాలు తీసుకుని రిజిస్ట్రేషన్‌లో మార్పించుకోవాలి. కారులోకి ఎక్కించక ముందే, బయట ఉండగానే టైమింగ్ బెల్టు, వెనక మెయిన్ ఆయిల్ సీల్, వాటర్ పంపు, క్లచ్ ప్లేటు మార్పించేయండి. లోపలికి వెళ్లాక ఆ సీలో క్లచ్చో పోతే ఇంజనో గేర్‌బాక్సో మళ్లీ దింపాల్సి రావచ్చు.